మైకు ఆపమన్న ఎస్‌ఐ, రోమా 13, అపొస్తలుల కార్యములు 5: ఎక్కడ లోబడాలి, ఎక్కడ ఒప్పుకోకూడదు?

వందనాలు తమ్ముడూ. కొత్తగా చదివేవాళ్ళ కోసం ముందు మీ ప్రశ్న రెండు ముక్కల్లో చెబుతాను. మీ సంఘం కాలనీ మధ్యలో ఉంది. ఆదివారం ఆరాధన, శుక్రవారం ఉపవాస ప్రార్థన, నెలకోసారి ఆల్‌నైట్ ప్రేయర్. చుట్టుపక్కలవాళ్ళు ఫిర్యాదు చేస్తే ఎస్‌ఐ వచ్చి గోడ బయట పెట్టిన బాక్సులు తీసేయమన్నారు. మీ పాస్టరుగారు అపొస్తలుల కార్యములు 5లోని "మనుష్యులకు కాదు దేవునికే మేము లోబడవలెను గదా" అన్న పేతురు మాట చూపించి తీయలేదు. మీ నాన్నగారేమో పై అధికారులకు లోబడమని చెప్పే రోమా 13 తీసి, తీసేయాల్సిందే అంటున్నారు. ఇద్దరూ బైబిలే చూపిస్తున్నారు కదా, ఎవరి మాట వినాలి అని అడిగారు. రేపు నిజంగానే విశ్వాసానికి అడ్డం వచ్చే ఆజ్ఞ వస్తే ఏం చేయాలన్నది మీ రెండో ప్రశ్న.

నేను వకీలుని, మా సంఘంలో పెద్దని కూడా. ఇలాంటి తగాదాలు రెండు వైపుల నుంచీ నా దగ్గరికి వస్తుంటాయి.

మైకు విషయంలో మీ నాన్నగారి మాటే సరైనది. ఇది సుప్రీంకోర్టు దాకా వెళ్ళి తేలిన సంగతి, పైగా అక్కడికి వెళ్ళింది కూడా ఒక సంఘమే. చెన్నైలో కేకేఆర్ మెజెస్టిక్ కాలనీవాళ్ళు చర్చ్ ఆఫ్ గాడ్ (ఫుల్ గాస్పెల్) సంఘం మీద ఫిర్యాదు చేశారు. డ్రమ్ములు, గిటార్లు, లౌడ్ స్పీకర్లు. ఇది మా మతస్వేచ్ఛ అని సంఘం వాదించింది. ఇతరుల ప్రశాంతత చెడగొట్టి ప్రార్థించమని ఏ మతమూ చెప్పదని 2000 ఆగస్టులో కోర్టు తీర్పిచ్చింది. అదే ఏడాది వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం లౌడ్ స్పీకరుకు రాతపూర్వక అనుమతి ఉండాలి. నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 దాటకూడదు. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బయట మైకు పెట్టకూడదు. తలుపులు వేసుకుని హాల్లోపలికే వినిపించేలా పెట్టుకుంటే అది వేరే సంగతి. మీ ఎస్‌ఐ ప్రార్థన ఆపమనలేదు. యేసు పేరు ఎత్తొద్దనలేదు. బాక్సులు తీయమన్నాడు, అంతే.

"మరి గుడి మైకు? మసీదు మైకు?" అని మీ పాస్టరుగారు అడుగుతారు, నాకు తెలుసు. చట్టం అందరికీ ఒకటే. వాళ్ళమీద ఫిర్యాదు ఉంటే విడిగా రాసివ్వండి. మీ ఒక్కరిమీదే చర్య తీసుకుని మిగతావాళ్ళను వదిలేస్తే, సమానత్వపు హక్కు కింద హైకోర్టుకు వెళ్ళొచ్చు. అంతేగాని వాళ్ళు దాటారు కాబట్టి మేమూ దాటుతామనడానికి అపొస్తలుల కార్యములు 5వ అధ్యాయంలో చోటు లేదు.

ఆ అధ్యాయం ఒకసారి పూర్తిగా చదవమనండి. అక్కడ యూదుల మహాసభ పెట్టిన నిషేధం యేసు నామాన్ని బట్టి అసలు బోధించనే కూడదని. ఎంత గట్టిగా, ఎన్ని గంటలకు అన్న లెక్క కాదది. ఇంకో సంగతి మన ప్రసంగాల్లో దాదాపు ఎవరూ చెప్పరు. 26వ వచనంలో బంట్రౌతులు (సభ పంపిన భటులు) అపొస్తలులను బలవంతం చేయకుండా తీసుకెళ్ళారు, ఎందుకంటే జనం రాళ్ళతో కొడతారని వాళ్ళకే భయం. అంటే జనం పేతురు వెనకే ఉన్నారు. ఆయన ఒక్క మాటంటే అక్కడ పెద్ద గొడవే అయ్యేది. ఆయన అనలేదు, పిలిస్తే వెళ్ళాడు. సభ ముందు నిలబడి, చెప్పాల్సింది మొహం మీదే చెప్పాడు. కొరడా దెబ్బలు తిని సంతోషిస్తూ బయటికొచ్చాడు. "దేవునికే లోబడతాం" అనే మాట వాడుకోవాలంటే ఆ దెబ్బలతో కలిపి వాడుకోవాలి. ఫిర్యాదు చేసినవాళ్ళ ఇంటి ముందుకు యూత్‌ను పంపించి, పైన ఆ వాక్యం ఫ్లెక్సీ కట్టించడం పేతురు చేసిన పని కాదు.

ఇప్పుడు మీ నాన్నగారి వైపు. రోమా 13ను ఆయన సరైన చోట వాడారు, కానీ దాన్ని "ప్రభుత్వం ఏం చెప్పినా తలూపడమే" అని అర్థం చేసుకుంటే ప్రమాదం. పౌలు ఆ పత్రిక రాసింది దాదాపు క్రీ.శ. 57లో. అప్పుడు చక్రవర్తి నీరో. రోమ్ తగలబడి ఆ నింద క్రైస్తవుల మీద పడింది 64లో. అంటే రాసేనాటికి ఆ ఘోరాలు ఇంకా జరగలేదు, కానీ అధికారంలో ఉన్నది దైవభక్తుడేమీ కాదని పౌలుకు బాగా తెలుసు. అయినా పన్ను కట్టమన్నాడు, గౌరవించమన్నాడు. "నీకు మేలు కలుగుటకు" వాళ్ళు దేవుని పరిచారకులు అన్నాడు. పరిచారకుడంటే పైన యజమాని ఉన్నట్టే కదా. అధికారం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పిన అధ్యాయమే అది ఎందుకోసం వచ్చిందో కూడా చెప్పింది. 5వ వచనంలో శిక్షకు భయపడి మాత్రమే కాదు, "మనస్సాక్షిని బట్టియు" లోబడమన్నాడు. మనస్సాక్షిని బట్టి లోబడేవాడు ఆ మనస్సాక్షినే చంపుకోమంటే ఒప్పుకోలేడు.

ఈ అధ్యాయాన్ని మొదటి వచనం దగ్గరే ఆపేసి చదివినవాళ్ళు చరిత్రలో చాలామంది ఉన్నారు. దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష ప్రభుత్వం తనను తాను సమర్థించుకోవడానికి దీన్నే వాడుకుంది. ఆ వాడకాన్ని తప్పుపడుతూ 1985లో అక్కడి వేదాంతులు కైరోస్ పత్రం విడుదల చేశారు. జర్మనీలో హిట్లర్ కాలంలోనూ ఇదే కథ. అక్కడ 1934 మే నెలలో బార్మెన్ పట్టణంలో కూడిన సంఘాలవాళ్ళు చేసిన ప్రకటన చదవదగ్గది. న్యాయాన్నీ శాంతినీ కాపాడే పని దేవుడు ప్రభుత్వానికి ఇచ్చాడని ఒప్పుకుంటూనే, మనిషి జీవితం మొత్తానికి తానే దిక్కని ప్రభుత్వం అనుకోవడానికి వీల్లేదన్నారు. అయితే ఆ ప్రకటనలో యూదుల గురించి ఒక్క మాట లేదు. సంఘం తన స్వేచ్ఛ కోసం గొంతెత్తి, పక్కవాడి ప్రాణం దగ్గర నోరు మెదపలేదు. అంతకు ఏడాది ముందే, 1933లో, డీట్రిచ్ బోన్‌హోఫర్ అనే యువ పాస్టరు ఈ సంగతి ఎత్తాడు. నువ్వు చేస్తున్నది న్యాయమేనా అని ప్రభుత్వాన్ని అడగాలి, దెబ్బతిన్నవాళ్ళు క్రైస్తవులు కాకపోయినా ఆదుకోవాలి, అదీ చాలకపోతే జనాన్ని నలిపేస్తున్న ఆ ప్రభుత్వ చక్రానికే అడ్డం పడాలి అన్నాడు. 1945 ఏప్రిల్ 9న ఆయన్ని ఉరి తీశారు.

మన దేశంలో ఎమర్జెన్సీ నాడు చాలా సంఘాలు కిక్కురుమనలేదు. కేరళలోని మార్తోమా సంఘపు మెట్రోపాలిటన్ (ప్రధాన బిషప్పు) యూహానోన్ మార్తోమా మాత్రం ఎమర్జెన్సీ ఎత్తేయమని ఇందిరాగాంధీకి ఉత్తరం రాశారు. అధికారిని గౌరవించడమంటే నోరు కుట్టేసుకోవడమని ఆ పెద్దాయన అనుకోలేదు.

పౌలు ఏం చేశాడో కూడా చూడండి. రోమా 13 రాసిన మనిషే ఫిలిప్పీలో విచారణ లేకుండా తనను కొట్టించిన న్యాయాధిపతులను అంత తేలిగ్గా వదల్లేదు. తెల్లారాక "వెళ్ళిపొమ్మని చెప్పారు" అని జైలు నాయకుడు వస్తే, మేము రోమీయులం (రోమా పౌరులం), విచారించకుండా అందరి ముందు కొట్టించి ఇప్పుడు చాటుగా పంపేస్తారా, వాళ్ళే వచ్చి మమ్మల్ని బయటికి తీసుకెళ్ళాలి అని భీష్మించుకు కూర్చున్నాడు. వాళ్ళు భయపడి వచ్చి బతిమలాడుకున్నారు. యెరూషలేములో కొరడాలతో కొట్టడానికి కట్టేస్తుంటే, శిక్ష విధించని రోమీయుణ్ణి కొట్టడానికి మీకు అధికారముందా అని అడిగాడు. కైసరయలో ఏకంగా కైసరుకే, అంటే రోమా చక్రవర్తికే, అప్పీలు చేసుకున్నాడు. హక్కు అడగడం, కాగితం అడగడం, పైకోర్టుకు వెళ్ళడం ఇవేవీ తిరుగుబాటు కావు. "విశ్వాసులు కోర్టుకెక్కకూడదు" అని కొందరు 1 కొరింథీ 6 చూపిస్తారు. అది సహోదరుల మధ్య తగాదాల గురించి, ప్రభుత్వం ముందు న్యాయం అడగడం గురించి కాదు.

ఎక్కడ తగ్గాలి, ఎక్కడ తగ్గకూడదు అన్న ప్రశ్నకు నాకు తెలిసిన మంచి సాక్ష్యం క్రైస్తవులు రాసింది కాదు. దాదాపు క్రీ.శ. 112లో, ఇప్పటి టర్కీ ఉత్తర భాగంలో ఉన్న బితూనియకు ప్లినీ అనే ఆయన గవర్నరు. క్రైస్తవులను ఏం చేయాలో పాలుపోక చక్రవర్తి ట్రాజన్‌కు ఉత్తరం రాశాడు. అంతకుముందు క్రైస్తవులుగా ఉండి మానేసినవాళ్ళను విచారిస్తే వాళ్ళు చెప్పింది అందులో ఉంది. ఒక నియమిత దినాన తెల్లవారకముందే కూడుకుంటారు. దేవుడికి పాడినట్టు క్రీస్తుకు పాట పాడతారు. దొంగతనం, వ్యభిచారం చేయకూడదని, మాట తప్పకూడదని ఒట్టు వేసుకుంటారు. తర్వాత విడిపోయి మళ్ళీ భోజనానికి కలుస్తారు. సంఘాలు, కూటములు పెట్టకూడదని గవర్నరు ఉత్తర్వు వేశాక ఆ భోజనపు కూడిక మానేశారు!

నాకు బాగా నచ్చే వివరం ఇదే. ఉత్తర్వు వచ్చింది, వదులుకోగలిగింది వదులుకున్నారు. అదే గవర్నరు చక్రవర్తి బొమ్మ ముందు సాంబ్రాణి వేసి, ద్రాక్షారసం పోసి, క్రీస్తును శపించమన్నప్పుడు మాత్రం నిజమైన క్రైస్తవులతో ఆ పని ఎవరూ చేయించలేరని తాను విన్నట్టు ప్లినీయే రాశాడు. ఒప్పుకోనివాళ్ళకు మరణశిక్ష వేశాడు. కూడిక వేళ, చోటు, భోజనం ఇవన్నీ సర్దుకోవచ్చు. క్రీస్తును కాదనమంటే మాత్రం బేరం లేదు. మీ బాక్సులు ఇందులో ఏ వైపుకు వస్తాయో మీ పాస్టరుగారినే చెప్పమనండి. తిరుమలలాంటి పుణ్యక్షేత్రాల్లో ఇతర మతాల ప్రచారం చేయకూడదని 2007లో మన రాష్ట్రంలో తెచ్చిన చట్టాన్నీ నేను ఇలాగే చూస్తాను. రాష్ట్రమంతా సువార్త చెప్పుకోవడానికి చోటుండగా, ఇంకొకరి గుడి మెట్ల మీదే కరపత్రాలు పంచాలన్న పంతం పేతురుది కాదు, మనది.

ఇక నిజంగా మనస్సాక్షికి అడ్డం వచ్చినప్పుడు ఎలా నిలబడాలో చూపించింది కేరళ పిల్లలు. 1985, కొట్టాయం జిల్లా. ముగ్గురు తోబుట్టువులు, యెహోవా సాక్షుల కుటుంబం. వాళ్ళ బోధను మన సంఘాలు ఒప్పుకోవు, నేనూ ఒప్పుకోను. అయినా మన అందరి తరఫున కేసు గెలిచింది వాళ్ళే. బడిలో జాతీయగీతం వచ్చినప్పుడు లేచి నిటారుగా, గౌరవంగా నిలబడేవాళ్ళు, తమ విశ్వాసం ఒప్పుకోదని పాడేవాళ్ళు మాత్రం కాదు. ఏళ్ళ తరబడి ఎవరికీ అభ్యంతరం లేదు. ఒక ఎమ్మెల్యే అది చూసి అసెంబ్లీలో ప్రశ్న వేశాడు. ప్రభుత్వం విచారణ వేయిస్తే, పిల్లలు బుద్ధిమంతులు, గీతాన్ని అవమానించలేదు అనే తేలింది. అయినా విద్యాశాఖ అధికారి చెప్పాడని ప్రధానోపాధ్యాయురాలు జులై 26న ముగ్గుర్నీ బడి నుంచి తీసేసింది. హైకోర్టులో ఓడిపోయారు.

సుప్రీంకోర్టు 1986 ఆగస్టు 11న తీర్పిచ్చింది. ధర్మాసనంలో ఒకరు జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి, మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జడ్జిగా చేసి వెళ్ళినవారు. గీతాన్ని ప్రతి ఒక్కరూ పాడి తీరాలని చెప్పే చట్టమే లేదన్నారు. గౌరవంగా నిలబడటమే గౌరవం, శాఖవాళ్ళు పంపిన సర్క్యులరుకు చట్టబలం లేదు, పిల్లల్ని తీసేయడం వాక్‌స్వాతంత్ర్యాన్నీ మతస్వేచ్ఛనూ కాలరాయడమే అన్నారు. చివర్లో మన సంప్రదాయం సహనం నేర్పుతుంది, మన తత్వం సహనం బోధిస్తుంది, మన రాజ్యాంగం సహనాన్ని ఆచరిస్తుంది, దాన్ని పలచన చేయొద్దు అన్న మాటలు రాశారు. లా కాలేజీల్లో బిజో ఇమ్మాన్యుయేల్ కేసు పేరుతో ఇప్పటికీ చెబుతారు. ఆ పిల్లలు గీతాన్ని అడ్డుకోలేదు, పాడేవాళ్ళను ఎగతాళి చేయలేదు, కూర్చుండిపోలేదు. చేయగలిగినంతా చేసి, చేయలేనిది ఒక్కటే చేయలేదు.

ఇక్కడ మనవాళ్ళకు కాస్త కష్టంగా ఉండే సంగతి ఒకటి చెప్పాలి, చెప్పకపోతే ఈ సమాధానం నిజాయితీగా ఉండదు. కుల ధ్రువపత్రం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం మొదట హిందువులకే ఎస్సీ హోదా. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. క్రైస్తవంలోకి మారిన ఎస్సీలకు మన రాష్ట్రాల్లో బీసీ-సీ (వెనుకబడిన తరగతుల్లో ఒక గ్రూపు) ఇచ్చారు, దానికి ఉన్నది ఒక్క శాతం రిజర్వేషన్. కాబట్టి మాల, మాదిగ పేటల్లో ఆదివారం చర్చిలో, సోమవారం రికార్డులో హిందువుగా బతికే కుటుంబాలు ఎన్నో. క్రైస్తవాన్ని ఆచరిస్తూ ఉద్యోగం కోసమే హిందువునని చెప్పడం రాజ్యాంగాన్ని మోసం చేయడమేనని 2024 నవంబరులో పుదుచ్చేరి నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు అంది.

ఆ ఉత్తర్వు అన్యాయమనే నేను అనుకుంటాను. బాప్తిస్మం తీసుకుంటే ఊరు కులం మరచిపోతుందా? శ్మశానంలో గోడ కూలిపోతుందా? కానీ అన్యాయమైన చట్టానికి అబద్ధపు సంతకం జవాబని "పాములవలె వివేకులు" అన్న వాక్యం చూపించి బోధించే పాస్టర్లను చూస్తే మాత్రం ఒళ్ళు మండుతుంది. ప్రార్థన నిషేధమన్న శాసనం మీద సంతకం పడిందని తెలిశాక కూడా దానియేలు తన గది కిటికీలు మూసుకోలేదు. అలాగని ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదువుకుంటున్న పేదింటి పిల్లవాణ్ణి పల్పిట్ మీద నుంచి రాళ్ళేసి కొట్టే హక్కు, తన పిల్లల్ని డొనేషన్ కట్టి చదివించుకున్న పాస్టరుకు లేదు. ఆ ఉత్తర్వు వచ్చిన ఆగస్టు 10ని ఏటా సంఘాలు నల్లదినంగా పాటిస్తాయి, దానిమీద 2004 నుంచి సుప్రీంకోర్టులో పిటిషన్ నడుస్తోంది. పోరాడాల్సింది అక్కడ, అందరూ చూస్తుండగా.

మనవాళ్ళు ఎక్కువగా ఇరుక్కునేవి మాత్రం ఇంత పెద్ద విషయాలేమీ కావు. లైసెన్సు లేకుండా పెళ్ళిళ్ళు చేసే పాస్టర్లు ఎంతమందో! 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం అధికారం లేనివాడు పెళ్ళి జరిపితే పదేళ్ళ దాకా జైలు పడొచ్చు. రేపు ఆ పిల్ల భర్తమీద కేసు వేయాల్సి వస్తే పెళ్ళే చెల్లదని అవతలి వకీలు అంటాడు. విదేశీ విరాళాలు సొంత ఖాతాలో వేయించుకోవడం, మందిరం కట్టుకుని అనుమతులు తర్వాత చూసుకుందాంలే అనడం కూడా ఈ కోవే. వీటిల్లో ప్రభుత్వం మనల్ని క్రీస్తును కాదనమనడం లేదు. కాగితం తెచ్చుకోమంటోంది. పట్టుబడ్డాక దాన్ని హింస అని పేరు పెడితే, నిజంగా హింస పడుతున్నవాళ్ళ మాట కూడా ఎవరూ నమ్మరు.

ఇప్పుడు మీరు చేయాల్సింది. ఈ వారమే బాక్సులు లోపలికి మార్చండి. రాత్రి ప్రార్థన తలుపులు వేసుకుని, మైకు లేకుండా చేసుకోండి. పాటకు మైకు లేకపోతే ఆత్మ దిగిరాడా ఏమిటి? మీ పాస్టరుగారూ ఇద్దరు పెద్దలూ కలిసి ఫిర్యాదు చేసినవాళ్ళ ఇంటికి వెళ్ళి మాట్లాడండి, క్రిస్మస్ కేకు పట్టుకుని కాదు, ఇప్పుడే. పగటి ఆరాధనకు మైకు కావాలంటే రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టండి. స్టేషన్‌లో ఇచ్చే ప్రతి కాగితానికి రెండో కాపీ మీద స్టాంపు, తేదీ వేయించుకోండి.

రేపు అదే ఎస్‌ఐ వచ్చి "అసలు ఇక్కడ ప్రార్థనే పెట్టకూడదు" అంటే అప్పుడు కథ వేరు. గొంతు పెంచొద్దు. "సార్, ఏ సెక్షన్ కింద, ఎవరి ఉత్తర్వు? రాసివ్వండి" అని అడగండి. నోటిమాట ఉత్తర్వు కాదు, కేరళ పిల్లల కేసులో సర్క్యులరుకే చట్టబలం లేదన్నారు. రాసిస్తే దాన్ని హైకోర్టులో సవాలు చేయొచ్చు. రాసివ్వకపోతే, జరిగింది జరిగినట్టు రాసి ఎస్పీ ఆఫీసుకు రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. నోటీసు ఇస్తే (విచారణకు హాజరవ్వమని పోలీసులిచ్చే కాగితం; ఇదివరకు 41ఏ అనేవాళ్ళు, ఇప్పుడు కొత్త క్రిమినల్ ప్రక్రియ చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లో 35(3)) తీసుకుని సంతకం పెట్టండి, చెప్పిన రోజు చెప్పిన వేళకు హాజరవ్వండి. సంఘమంతా లారీ ఎక్కి స్టేషన్ ముందు కూర్చోవద్దు. పాస్టరుగారు, ఒక పెద్ద, ఒక వకీలు చాలు. ఈలోగా మీ కూడిక మానొద్దు. నిశ్శబ్దంగా, తలుపు గొళ్ళెం పెట్టకుండా కూడుకోండి. ఎవరైనా లోపలికి వచ్చి చూడొచ్చు అన్నట్టుండాలి. అలా కూడుకున్నందుకు కేసు కడితే కట్టనివ్వండి, ఆ కేసు మనం వాదించుకోగలం. బాక్సుల కేసు మాత్రం నా దగ్గరికి తేవద్దని మీ పాస్టరుగారికి చెప్పండి.